ముంజేతి మీద ముఖాలు

నన్ను మోసం చేసినవాళ్ళలో ఒక్కరు కూడా చెడ్డవాళ్ళు కారు. నా మంటంతా అందుకే. చెడ్డవాళ్ళే అయితే నాలుగు తిట్టి, తలుపేసుకుని హాయిగా ఉండేదాన్ని. వీళ్ళంతా నా మేలు కోరినవాళ్ళు. నాకు మేలు చెయ్యడానికి ఏకంగా ఒక ప్రయోగశాల పెట్టుకుని కూర్చున్నవాళ్ళు కూడా ఇందులో ఉన్నారు.

నా పేరు వకుళ. విశాఖపట్నంలో ఒక మహిళా కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతాను. చిన్నప్పుడు రేచీకటిగా మొదలై, ఇంటర్ పరీక్షలు అయ్యేసరికి నా చూపు మొత్తం పోయింది. ఆ తరవాత చదివిన చదువు, సంపాదించుకున్న ఉద్యోగం, చేసుకున్న పెళ్ళి, కన్న పిల్ల, అన్నీ చూపు లేకుండానే. ఇక్కడే అయ్యో పాపం అనుకునేవాళ్ళుంటే కథ ఆపేసి వెళ్ళిపోవచ్చు. నేనేమీ అనుకోను.

కళ్ళున్నవాళ్ళకి ఒక అలవాటుంది. మా తలల మీదుగా మాట్లాడుకుంటారు. నోటితో కాదు, చేతులతో, కనుబొమలతో. బట్టల కొట్లో చీర ధర నేనడిగితే, కొట్టువాడు వేళ్ళు చూపించేది మా ఆయనకి. పెళ్ళిళ్ళలో నా పక్కన కూర్చున్న పెద్దమ్మలు నన్ను చూపించి, పెదవి విరిచి, తల ఊపుకుంటారు. ఇదంతా నాకు తెలియదనుకుంటారు. ఎందుకు తెలియదు? మాటకీ మాటకీ మధ్య ఒక ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో బట్ట సర్దుకున్న చప్పుడో, కుర్చీ కిర్రుమన్న చప్పుడో ఉంటుంది. మా అత్తగారు అప్పలనరసమ్మకైతే రెండు చేతులకీ మోచేతులదాకా గాజులు. "కూరెలా ఉందత్తయ్యా?" అని నేనడిగితే, "బాగుందమ్మా" అనేముందు ఆ గాజులు గలగలమనేవి.

"ఉప్పెక్కువైందా? అబ్బాయికి సైగలెందుకు, నోటితోనే చెప్పండి" అనేదాన్ని.

"ఓలమ్మో! ఇది సెవుల్తో సూస్తాదిరా!" అని ఆవిడ ఉలిక్కిపడేది. మా ఆయన ఉమాపతి పగలబడి నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. అప్పట్లో మా ఇంట్లో నాకు తెలియని రహస్యం ఒక్కటి కూడా నిలిచేది కాదు.

తరవాత 'ఆనవాలు' వచ్చింది.

రుషికొండ దగ్గర కొత్తగా కట్టిన ప్రయోగశాలలో దాన్ని తయారు చేశారు. డాక్టర్ కమలాకర్ దాని పెద్ద. చూపులేనివాళ్ళలో మొదట వాడి చూడడానికి కొందరిని పిలిచారు, అందులో నేనొకదాన్ని. నస్రీన్ అనే ఇంజనీరు పిల్ల నాకు కళ్ళజోడు పెట్టి, ఎడమ ముంజేతికి మెత్తటి పట్టీ ఒకటి బిగించింది. పట్టీ లోపలివైపు ఆవగింజలకన్నా సన్నటి మొనలు. కళ్ళజోడులో ఉన్న, చీకట్లోనూ పనిచేసే కెమెరా చూసినదాన్ని ఆ మొనలు చర్మం మీద గీస్తాయి.

"ఎదురుగా ఒకరు నిలబడ్డారు మేడం. ఎవరో చెప్పండి" అంది నస్రీన్.

మొదట చీమలు పాకినట్టయింది. తరవాత ఆ చీమలు వరసలు కట్టాయి. ఒక గుండ్రం. అందులో రెండు చుక్కలు. మణికట్టు దగ్గర ఒక గీత, మెల్లగా రెండు పక్కలకీ సాగుతోంది. సాగి సాగి, మధ్యలో చిన్న సందు విడిచింది. ముందు పన్ను ఊడిన సందు.

"మైత్రీ!" అని అరిచాను. నా కూతురు కిలకిలా నవ్వింది. ఆ నవ్వు చెవిలోనూ వినబడింది, చేతి మీదా తగిలింది. పుట్టినప్పటి నుంచీ వేళ్ళతో తడిమి తెలుసుకున్న ముఖం, ముట్టుకోకుండానే నా దగ్గరికి వచ్చింది. నేను ఏడ్చిన మాట నిజం. కమలాకర్ గారు ఆ ఏడుపుని వీడియో తీయించారు. దాన్ని తరవాత దేశమంతా చూసింది.

కొన్ని వారాల్లోనే పట్టీ నా ఒంట్లో భాగమైపోయింది. క్లాసులో ఎవరు చెయ్యెత్తారో తెలిసేది. బస్టాపులో ఎవరు పక్కకి జరిగారో తెలిసేది. నా తెల్లకర్ర తలుపు వెనక్కి చేరింది. అన్నిటికన్నా ఆశ్చర్యం ఏమిటంటే, ఊరు ఊరంతా నన్ను చూసి నవ్వుతోంది. కండక్టరు నవ్వుతున్నాడు, రిజిస్ట్రారు నవ్వుతున్నాడు, పరీక్ష హాల్లో కాపీ కొడుతూ దొరికిపోయిన పిల్ల కూడా నవ్వుతూనే నిలబడింది. లోకం ఇంత మంచిదని నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే అనుకున్నాను. అందరూ నవ్వుతుంటే, ఎందుకు నవ్వుతున్నారని ఎవరైనా అడుగుతారా?

ముఖాలు చేతి మీదికి వచ్చాక, మాటల మధ్య ఖాళీలు వినే పని నాకు లేకపోయింది. గాజులు మోగేవి కాబోలు. వంట చేసుకుంటోంది అనుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే మైత్రి సాయంత్రాలు కిందికి ఆటకి వెళ్ళడం మానేసింది. కొత్త సైకిలు మెట్ల కింద దుమ్ము పట్టింది. ఏమిటని అడిగితే, "మూడో క్లాసుకి వచ్చింది కదా, హోంవర్కు ఎక్కువ" అన్నాడు ఉమాపతి. ఆదివారాలు తండ్రీ కూతురూ పెదవాల్తేరులో పిన్నిగారింటికి వెళ్ళొస్తున్నామనేవాళ్ళు. పట్టీలో చూస్తే పిల్ల చక్కగా నడుస్తోంది, నవ్వుతోంది. ఇంక నాకేం కావాలి?

ఒకరోజు ఇడ్లీ కుక్కరు మూత తీస్తుంటే ఆవిరి కొట్టి పట్టీలో సగం మొనలు బిగుసుకుపోయాయి. కాలేజీ అయ్యాక ప్రయోగశాలకి వెళ్ళాను. కమలాకర్ గారు ఢిల్లీ వెళ్ళారట. నస్రీన్ హడావుడిగా తన బల్ల మీదున్న పట్టీ తీసి నాకు కట్టింది.

"ఇది నేను టెస్టింగ్‌కి వాడేది మేడం. కొంచెం మోటుగా ఉంటుంది. ఇవాళ్టికి సర్దుకోండి, రేపు మీది ఇచ్చేస్తాను."

మోటుగా ఉండడమంటే ఏమిటో ఆటో ఎక్కగానే తెలిసింది. డ్రైవరు వెనక్కి తిరిగి నన్ను చూసి మొహం చిట్లించాడు. అపార్టుమెంటు గేటు దగ్గర ఎదురైన రెండో అంతస్తు ఆవిడ "బావున్నారా వకుళగారూ" అని తియ్యగా పలకరిస్తూనే, పక్కావిడకి నన్ను చూపించి పెదవి విరిచింది. పట్టీ పాడైందనుకున్నాను. నిజం, అలాగే అనుకున్నాను.

ఇంట్లోకి వెళ్ళేసరికి సందె చీకటి పడుతోంది. ఇంకా లైట్లు వెయ్యలేదు. ముగ్గురూ బల్ల దగ్గర కూర్చుని ఉప్మా తింటున్నారు. నేనూ కూర్చున్నాను.

"ఏటమ్మా, ఇయాల ఆలీసమైంది?" అంది అత్తగారు.

"ప్రయోగశాలకి వెళ్ళానత్తయ్యా" అంటూ మైత్రివైపు తిరిగాను. పిల్ల మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపింది. ఆ చెయ్యి గ్లాసు పక్కనుంచి వెళ్ళిపోయింది. బల్ల మీద తడుముకుంది. వేళ్ళు విప్పి, అరచెయ్యి బోర్లించి, మెల్లగా, దేన్నీ పడగొట్టకుండా. అత్తగారు చటుక్కున గ్లాసుని ఆ చేతి కిందికి తోసింది. మైత్రి నోరు తెరవబోయింది. అత్తగారి వేలు పెదవుల మీద అడ్డంగా నిలిచింది. ఉమాపతి నావైపు చూపించి, వద్దు వద్దని చెయ్యి ఊపాడు.

ఊపుతూనే, "కాలేజీలో ఏంటి విశేషాలు?" అని అడిగాడు. గొంతులో చక్కెర.

నేను కదలలేదు. ముంజేతి మీద ఆ చెయ్యి ఇంకా తడుముతూనే ఉంది. అది నాకు తెలిసిన చెయ్యి. మైత్రి వయసులో, దీపాలు పెట్టే వేళకి, మా ఇంట్లో చెంబు కోసం నేను అలాగే తడుముకునేదాన్ని. ఎవరికీ తెలియకూడదని అంత మెల్లగానూ తడుముకునేదాన్ని.

"మైత్రికి సాయంత్రమైతే కనబడడం లేదు. కదూ?" అన్నాను.

గాజులు గలగలమన్నాయి.

"సైగలు ఆపండత్తయ్యా! ఈ పట్టీ అన్నీ చూపిస్తోంది. మీ వేలు చూపిస్తోంది, మీ అబ్బాయి చెయ్యి చూపిస్తోంది. ఎన్నాళ్ళయింది?"

"వకుళా, నువ్వు ముందు శాంతంగా..." అని ఉమాపతి మొదలుపెట్టాడు.

"ఎన్నాళ్ళయిందండీ?"

"పోయిన వేసవి నుంచి. ఆదివారాలు కళ్ళ డాక్టరు దగ్గరికే వెళ్తున్నాం. నీకొచ్చినదే అన్నారు. నువ్వు తట్టుకోలేవని..."

"నేను తట్టుకోలేనా?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇది పడ్డదాన్ని నేను! దీంతో చదువుకున్నదాన్ని, దీంతో ఈ ఇల్లు నడుపుతున్నదాన్ని నేను! ఈ ఇంట్లో దీని గురించి తెలిసిన మనిషి నేనొక్కదాన్ని! నన్నొదిలేసి మీరంతా కూడబలుక్కున్నారా?"

"నానే సెప్పొద్దన్నానమ్మా" అంది అత్తగారు, ఏడుపు గొంతుతో. "నీ కడుపు కోత సూళ్ళేక..."

అప్పుడు మైత్రి అడిగింది, చాలా చిన్న గొంతుతో. "అమ్మా, నేను నిజంగా నీలాగ అయిపోతానా? నీలాగ అయిపోకుండా మొక్కుకోమంది నానమ్మ."

ఆ మాటకి అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్ల మీద కాదు. నాలాగ అయిపోవడం అనేది మా ఇంట్లో ఒక జబ్బు పేరు. నా కూతురు ఏడాదిగా దాన్ని ఒంటరిగా మోస్తోంది. చీకటి పడేవేళకి భయపడుతూ, తడుముకుంటూ, నవ్వుతూ. పక్క గదిలోనే నేనున్నాను. గోడ పట్టుకుని ఎలా నడవాలో, గ్లాసుని బల్ల అంచునుంచి ఎలా వెతకాలో, చూపు తగ్గినంత మాత్రాన లోకం మునిగిపోదని ఎలా నమ్మాలో, అన్నీ తెలిసిన అమ్మ పక్క గదిలోనే ఉంది. ఆ అమ్మ పట్టీ కట్టుకుని, పిల్ల హాయిగా నడుస్తోందని మురిసిపోతోంది.

"అయితే నా పట్టీలో ఎందుకు తెలియలేదు?" అని అడిగాను.

ఉమాపతి పళ్ళెం పక్కకి జరిపి చెప్పాడు. పట్టీ ఇచ్చేముందు ప్రయోగశాలవాళ్ళు మా ఇళ్ళవాళ్ళని పిలిచి, ఒక గదిలో కూర్చోబెట్టి టీలు ఇచ్చి అడిగారట. మీవాళ్ళు ఏవి చూస్తే బాధపడతారో చెప్పండి, వాటిని పట్టీ గీయకుండా చేస్తాం అన్నారట. ఒకరు ఈసడింపులు అన్నారట, ఒకరు జాలి చూపులు అన్నారట, అందరూ కలిసి సైగలు అన్నారట. కట్టుకునేవాళ్ళం మేం. అడిగింది మా తలల మీదుగా సైగలు చేసేవాళ్ళని!

"మైత్రి సంగతి తెలిశాక, మళ్ళీ నేనే వెళ్ళి కమలాకర్ గారిని అడిగాను. పాప తడబడడం నీకు తెలియకుండా సాపు చేసి గీయొచ్చన్నారు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కాలేజీకి సెలవు పెట్టి రుషికొండ వెళ్ళాను. ఆయన ఢిల్లీ నుంచి వచ్చి ఉన్నారు. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

"దాన్ని మేం 'మెత్తన' అంటాం వకుళగారూ" అన్నారు ఆయన, పిల్లకి మందు తాగించే గొంతుతో. "లోకం మీతో ఎంత కటువుగా ఉంటుందో మీకు తెలియదు. వడపోత లేకుండా మొదట ఇద్దరికి ఇచ్చి చూశాం. ఒకాయన ఇల్లు కదలడం మానేశారు. ఒకావిడ పట్టీ విసిరికొట్టారు. మీ మనసు ఆరోగ్యం మాకు ముఖ్యం."

"లోకం ఎలా ఉంటుందో నాకు తెలియదా? చిన్నప్పటి నుంచీ అందులోనే ఉన్నాను. ఆవిడ పట్టీ విసిరికొట్టింది సరే. లోకం ఎలా ఉందో తెలుసుకునే విసిరింది. నాకు ఆ హక్కెందుకు లేదు?"

"ఒక తల్లికి నొప్పి తగ్గించాం. అది నేరమా?"

"నా నొప్పి తగ్గించలేదు సార్. మీకు కనబడకుండా చేసుకున్నారు. ఆ నొప్పంతా నా కూతురి నెత్తిన పెట్టారు!"

ఆయన నిట్టూర్చారు. పట్టీ గీస్తోంది, మొహం నిండా విసుగు. నిన్నటి దాకా ఇదే మొహం నా చేతి మీద దేవుడి పటంలా ఉండేది.

"వడపోత ఉందని కట్టుకున్న ప్రతివాళ్ళకీ చెప్పండి. దాని మీట వాళ్ళ చేతికివ్వండి. వేసుకుంటారో తీసేస్తారో వాళ్ళిష్టం. నేనడిగేది అంతే" అన్నాను.

"ఆదివారం ఆవిష్కరణ పెట్టుకుని ఇప్పుడు ఇవన్నీ ఏమిటండీ? మంత్రిగారు వస్తున్నారు. ముందు కార్యక్రమం సవ్యంగా జరగనివ్వండి. మీరు మాట్లాడాలి, గుర్తుంది కదా?" లేచి తలుపు తీశారు. "ఆ టెస్టింగ్ పట్టీ నస్రీన్‌కి ఇచ్చేసి, మీది తీసుకెళ్ళండి."

నస్రీన్ నా పట్టీ పట్టుకుని వరండాలో నిలబడి ఉంది. నేను చెయ్యి చాపాను. తను నా చేతిలో ఏమీ పెట్టలేదు.

"నేను కూడా చెయ్యి కలిపాను మేడం ఇందులో. ఆ మొనలకి సాపు చెయ్యడం నేర్పింది నేనే" అంది. పట్టీ మీద ఆ పిల్ల ముఖం వణికింది. "మీది ఇంకా బాగవలేదని సార్‌కి చెప్తాను. దీన్నే ఉంచుకోండి."

సైగలు చెయ్యకుండా నాతో మాట్లాడిన మనిషి ఆ భవనంలో ఆ ఒక్కతే.

ఆదివారం ఆవిష్కరణకి వెళ్ళనని నేనెవరితోనూ అనలేదు. పట్టుచీర కట్టుకున్నాను. తలుపు వెనకున్న తెల్లకర్ర దులిపి పట్టుకున్నాను. "అదెందుకు, పట్టీ ఉంది కదా" అన్నాడు ఉమాపతి. ఆ వారమంతా మా ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే నడిచాయి. మైత్రితో మాత్రం సాయంత్రాలు కూర్చుంటున్నాను. గ్లాసుని బల్ల అంచునుంచి వెతకడం వచ్చేసింది దానికి. కానీ ఎవరైనా వస్తే మాత్రం చెయ్యి వెనక్కి లాక్కునేది. ఏడాదిపాటు నేర్పిన సిగ్గు కదా, వారంలో ఎలా పోతుంది?

హాలు నిండిపోయింది. మావాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. తెర మీద నా ఏడుపు వీడియో వెయ్యడానికి లైట్లు ఆర్పారు. చప్పట్లు. లైట్లు మళ్ళీ వెయ్యకుండానే నన్ను వేదిక మీదికి పిలిచారు.

"అందరికీ నమస్కారం" అన్నాను మైకులో. "ఈ పట్టీ గొప్పది. నా కూతురి నవ్వు నాకు చూపించింది. కాని ఇన్నాళ్ళూ నాకిచ్చిన పట్టీ అబద్ధాలు గీసింది. ఇవాళ నేను కట్టుకున్నది అబద్ధాలు గీయదు. ముందు వరసలో మంత్రిగారు ఆవులిస్తున్నారు. ఆయన పక్కన మీసాలాయన నన్ను చూసి, అయ్యో అన్నట్టు పెదవి చప్పరిస్తున్నారు. అక్కర్లేదండీ, ఆపెయ్యండి."

హాల్లో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"కమలాకర్ గారు వేదిక పక్కన నిలబడి, మైకు కట్టెయ్యమని ఆ కుర్రాడికి సైగ చేస్తున్నారు. రెండోసారి చేస్తున్నారు."

మైకు ఆగిపోయింది. ఆగితే ఏం? అరవైమంది పిల్లలున్న క్లాసులో ఫాను చప్పుడు మీదుగా పాఠం చెప్పే గొంతు నాది.

"ఈ హాల్లో పట్టీ కట్టుకున్నవాళ్ళంతా వినండి! మీకు కనబడుతున్న నవ్వులన్నీ నవ్వులు కావు. మీ ఇళ్ళవాళ్ళని అడిగి, మీకేది కనబడాలో వీళ్ళు తేల్చేశారు. మీ పట్టీలకి ఒక వడపోత ఉంది. దాని మీట అడగండి! లోకం కటువుగా ఉంటే ఉండనీ, మాకు తెలియాలి. మా ఇంట్లో ఏం జరుగుతోందో మాకు తెలియాలి! తెలియకపోతే మా పిల్లల్ని ఎలా పట్టుకుంటాం?"

చీకట్లో అక్కడక్కడా కుర్చీలు జరిగాయి. ఎవరో ముసలాయన "ఏం మీట? ఏరా, ఏం మీట?" అని కొడుకుని గట్టిగా అడుగుతున్నాడు. కమలాకర్ గారు చేతులు జోడించి నావైపు వస్తున్నారు, ముఖం నిండా కోపంతో.

అప్పుడు ముందు వరసలో ఒక చిన్న ఆకారం లేచింది. వేదికవైపు వచ్చింది. మెట్ల దగ్గర ఆగిపోయింది. చెయ్యి చాపింది, వేళ్ళు విప్పి, అరచెయ్యి బోర్లించి.

"అమ్మా" అంది మైత్రి. "మెట్లు కనబడడం లేదు."

మంత్రిగారి ముందు, చుట్టాల ముందు, వందలమంది ముందు. ఉమాపతి చటుక్కున లేచాడు. నా ముంజేతి మీద అతని వేలు అతని పెదవులకి అడ్డంగా నిలిచింది. మాట్లాడొద్దని కూతురికి సైగ.

"ఊరుకోరా, సెప్పనీ!" అంది మా అత్తగారు. చెయ్యి కదపలేదు. నోటితోనే అంది.

అతను వేలు దించలేదు. దించనక్కర్లేదు కూడా. లైట్లు ఆర్పిన హాలది. ఆ సైగ నా పిల్లకి కనబడలేదు.

"నాకు చీకట్లో కనబడదమ్మా!" అని ఈసారి గొంతెత్తి అరిచింది.

"గట్టిగా చెప్పు తల్లీ, ఇంకా గట్టిగా చెప్పు" అన్నాను. కర్ర టకటకలాడించుకుంటూ మెట్లు దిగాను. "ఈ చప్పుడు వింటూ అక్కడే నిలబడు. నేనొస్తున్నాను."